సరిహద్దు దాటగానే బ్యాంకు బదిలీ ఎందుకు నెమ్మదిస్తుంది?

ఆన్‌లైన్ ఖాతాలో డబ్బు పంపే స్క్రీన్ తెరిస్తే రెండు దారులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి దేశంలోని ఖాతాకు, రెండోది విదేశంలోని ఖాతాకు. రెండింటిలోనూ నింపాల్సినవి ఇంచుమించు ఒకటే: పేరు, ఖాతా నంబరు, బ్యాంకు కోడ్, ఎంత పంపాలో ఆ అంకె. చివర్లో నొక్కే బటన్ కూడా ఒకటే. మొదటి దారిలో పంపింది చాలా దేశాల్లో సెకన్లలో అవతలి ఖాతాలో పడిపోతుంది, పంపినంతా పడుతుంది. రెండో దారిలో గంట పట్టవచ్చు, నాలుగు రోజులూ పట్టవచ్చు. చేరేసరికి కొంత తగ్గి ఉండవచ్చు. ఇప్పుడు ఎక్కడుంది అని అడిగితే పంపిన బ్యాంకు కూడా వెంటనే చెప్పలేకపోవచ్చు.

దీనికి దూరం కారణం కాదు. సందేశం ఖండాలు దాటడానికి పట్టేది క్షణమే. అసలు తేడా వేరేచోట ఉంది. దేశం లోపల ఏ రెండు బ్యాంకుల లెక్కనైనా సరిచేసే ఉమ్మడి పద్దుపుస్తకం ఒకటి ఉంటుంది. దేశాల మధ్య అలాంటి పుస్తకం లేదు. విదేశీ బదిలీల్లో ఖాతాదారులు పడే టెన్షన్‌లో చాలా భాగం ఈ లోటు నుంచే పుడుతుంది. ఇది అర్థమైతే ఏ ఫీజు ఎందుకు పడిందో, ఏ వివరం తప్పితే ఏమవుతుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో వాటంతట అవే తెలుస్తాయి.

దేశం లోపల: పైన కేంద్ర బ్యాంకు ఉంది

బ్యాంకు బదిలీలో నోట్లు ఎక్కడికీ వెళ్లవు. ఖాతాలో నిల్వ అంటే ఖాతాదారుకు బ్యాంకు ఇంత బాకీ అని రాసుకున్న పద్దు. బదిలీ చేసినప్పుడు పంపినవారి బ్యాంకు ఆ బాకీని తగ్గించుకుంటుంది, అందుకునేవారి బ్యాంకు తన బాకీని పెంచుకుంటుంది. ఇద్దరి ఖాతాలూ ఒకే బ్యాంకులో ఉంటే రెండు పద్దులు మారితే సరిపోతుంది. అందుకే ఒకే బ్యాంకులో బదిలీకి సెలవుతో, వేళతో పెద్దగా పని ఉండదు.

బ్యాంకులు వేరైతే చిక్కు వస్తుంది. అందుకునే బ్యాంకు ఊరికే తన బాకీ ఎందుకు పెంచుకుంటుంది? అంత విలువ అవతలి బ్యాంకు నుంచి తనకు రావాలి. ఈ ముడి విప్పేది కేంద్ర బ్యాంకు. దేశంలోని ప్రధాన బ్యాంకులకు అక్కడ ఖాతాలుంటాయి. ఒక బ్యాంకు ఖాతాలో తగ్గించి ఇంకో బ్యాంకు ఖాతాలో పెంచితే లెక్క ముగిసింది. కేంద్ర బ్యాంకు సొమ్ము అందరికీ నమ్మకమే కాబట్టి ఎవరూ ఎవరి హామీ కోసమూ చూడక్కర్లేదు. చిన్న బ్యాంకులు నేరుగా కాకపోయినా ఒక పెద్ద బ్యాంకు ద్వారా ఈ పుస్తకానికి చేరతాయి.

ఈ సర్దుబాటును మూడు రకాలుగా చేస్తారు. పెద్ద మొత్తాలకు ఒక్కో బదిలీనీ విడిగా, అప్పటికప్పుడు తేల్చేస్తారు. మూలాలు 1918 నాటి టెలిగ్రాఫ్‌లో ఉన్న అమెరికా ఫెడ్‌వైర్, 2004లో మొదలైన భారతదేశపు ఆర్‌టీజీఎస్ ఈ కోవలోవి. రెండో రకం విడతల పద్ధతి. బదిలీలను పోగుచేసి, ఎవరు ఎవరికి నికరంగా ఎంత ఇవ్వాలో లెక్కగట్టి ఒకేసారి సర్దుతారు. అరగంటకో విడత నడిచే నెఫ్ట్, అమెరికాలో జీతాలు పడే ఏసీహెచ్ ఇలాంటివే. 

మూడోది తక్షణ చెల్లింపు. బ్రిటన్‌లో ఫాస్టర్ పేమెంట్స్ 2008లో, భారతదేశంలో ఐఎంపీఎస్ 2010లో, యూపీఐ 2016లో, బ్రెజిల్‌లో పిక్స్ 2020 నవంబరులో, అమెరికాలో ఫెడ్‌నౌ 2023 జూలైలో వచ్చాయి. బయటికి ఇవన్నీ ఒకేలా కనిపించినా లోపల తేడా ఉంది. పిక్స్, ఫెడ్‌నౌల్లో బ్యాంకుల మధ్య లెక్క కూడా ఆ క్షణంలోనే కేంద్ర బ్యాంకులో తేలిపోతుంది. ఫాస్టర్ పేమెంట్స్‌లో, ఐఎంపీఎస్‌లో ఖాతాదారుకు డబ్బు ముందే పడుతుంది, బ్యాంకుల మధ్య సర్దుబాటు తర్వాత విడతలుగా జరుగుతుంది. ఆ మధ్యకాలంలో ఏ బ్యాంకైనా చేతులెత్తేస్తే ఇబ్బంది రాకుండా పరిమితులు, ముందస్తు నిధులు పెట్టి ఉంచుతారు. ఖాతాదారుకు ఈ సంగతులేవీ తెలియాల్సిన పని లేకపోవడమే ఈ వ్యవస్థల గొప్పతనం.

యూరో దేశాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడ దేశాలు వేరైనా కరెన్సీ ఒకటే, పైన ఉన్న కేంద్ర బ్యాంకు వ్యవస్థా ఒకటే. ఒక యూరో దేశం నుంచి మరో యూరో దేశానికి పంపే యూరో బదిలీకి దేశీయ బదిలీకన్నా ఎక్కువ వసూలు చేయకూడదని చట్టమే ఉంది. 2025 అక్టోబరు 9 నుంచి అక్కడి బ్యాంకులు పది సెకన్లలో చేరే తక్షణ బదిలీని తప్పనిసరిగా అందించాలి, దానికి మామూలు బదిలీకన్నా ఎక్కువ ఫీజు పెట్టకూడదు. సరిహద్దు ఉన్నా ఆలస్యం లేదు, ఎందుకంటే ఉమ్మడి పుస్తకం ఉంది. అడ్డు పడుతున్నది సరిహద్దు కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి రుజువు అక్కర్లేదు.

దేశం దాటితే: బ్యాంకుల్లో బ్యాంకుల ఖాతాలు

ఉమ్మడి పుస్తకం లేనిచోట బ్యాంకులు పాత ఉపాయాన్నే నమ్ముకున్నాయి. ఒక బ్యాంకు ఇంకో దేశపు బ్యాంకులో, ఆ దేశపు కరెన్సీలో తన పేర ఖాతా తెరుచుకుంటుంది. ఇలా పరాయి బ్యాంకు ఖాతాలను చూసుకునే బ్యాంకును కరస్పాండెంట్ బ్యాంకు అంటారు. విదేశానికి డబ్బు పంపడమంటే అక్కడున్న తన ఖాతాలోంచి ఫలానా వ్యక్తికి ఇవ్వమని ఈ బ్యాంకు ఆ బ్యాంకుకు కబురు పెట్టడం.

కానీ ప్రతి బ్యాంకుకూ ప్రతి దేశంలో ఖాతా ఉండదు. అది ఖర్చుతో కూడిన పని. సొమ్మును అక్కడ ఊరికే నిలవ ఉంచాలి, ఆ దేశ నిబంధనలు పాటించాలి, ఎవరి తరఫున పంపుతున్నారో సంజాయిషీ ఇవ్వాలి. కాబట్టి ఒక చిన్న బ్యాంకు తన దేశంలోని పెద్ద బ్యాంకు ద్వారా, అది న్యూయార్క్‌లోని ఇంకో పెద్ద బ్యాంకు ద్వారా, అది గమ్యస్థాన దేశంలోని మరో పెద్ద బ్యాంకు ద్వారా, చివరికి అందుకునేవారి బ్యాంకుకు చేరాల్సి వస్తుంది. ప్రతి మజిలీలో ఒక డెబిట్, ఒక క్రెడిట్, ఒక తనిఖీ, తరచుగా ఒక ఫీజు. అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు బీఐఎస్ లెక్కల ప్రకారం 2011 నుంచి 2018 వరకు ఇలాంటి కరస్పాండెంట్ సంబంధాలు సుమారు 20 శాతం తగ్గాయి. నల్లధనం నిబంధనలు బిగుసుకున్న కొద్దీ, లాభం తక్కువ, రిస్కు ఎక్కువ అనుకున్న దేశాలతో పెద్ద బ్యాంకులు తెగతెంపులు చేసుకున్నాయి. చిన్న ద్వీప దేశాలకు, పేద దేశాలకు దీని దెబ్బ ఎక్కువగా తగిలింది. అక్కడికి వెళ్లే డబ్బు మరింత చుట్టుదారి పట్టాల్సి వస్తోంది.

ఈ కబుర్లను చేరవేసేది స్విఫ్ట్. డబ్బు స్విఫ్ట్‌లో వెళ్తుందని చాలామంది అనుకుంటారు. స్విఫ్ట్ ఎవరి డబ్బునూ పట్టుకోదు, ఎవరి ఖాతానూ నడపదు. అది సందేశాల వ్యవస్థ. టెలెక్స్ మీద నడుస్తున్న వ్యవహారాన్ని పద్ధతిలో పెట్టడానికి 15 దేశాల నుంచి 239 బ్యాంకులు కలిసి 1973లో బెల్జియంలో దీన్ని సహకార సంస్థగా పెట్టుకున్నాయి. 1977లో సందేశాలు మొదలయ్యాయి. ఇప్పుడు 200కు పైగా దేశాల్లో 11,000కు పైగా సంస్థలు ఇందులో ఉన్నాయి. 

సందేశం సరైనదైతే చాలు, పద్దు కదిలిపోతుందన్న నిజాన్ని ప్రపంచం 2016 ఫిబ్రవరిలో చూసింది. బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలోకి చొరబడిన దొంగలు, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వులో ఉన్న ఆ బ్యాంకు ఖాతా నుంచి చెల్లించమని స్విఫ్ట్ ద్వారా 35 ఆదేశాలు పంపారు. మొత్తం విలువ దాదాపు 95 కోట్ల డాలర్లు. ఐదు ఆదేశాలు అమలైపోయాయి. శ్రీలంకకు వెళ్తున్న 2 కోట్ల డాలర్లు, అందుకునే సంస్థ పేరులో స్పెల్లింగ్ తప్పు ఉందని దారిలోని బ్యాంకు అనుమానించడంతో ఆగాయి. ఫిలిప్పీన్స్‌కు వెళ్లిన 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఖాతాల్లోంచి బయటికి వెళ్లిపోయాయి. దొంగలు ఎంచుకున్న రోజులు గమనించదగినవి. బంగ్లాదేశ్‌లో శుక్ర, శనివారాలు సెలవు. న్యూయార్క్‌లో శని, ఆదివారాలు. ఫిలిప్పీన్స్‌లో ఆ సోమవారం చైనా కొత్త సంవత్సరపు సెలవు. తప్పు కనిపెట్టి ఆపమని చెప్పే నాథుడు ఎక్కడో ఒకచోట లేకుండా చూసుకున్నారు. 

కాలమానాల తేడా బ్యాంకులను అంతకుముందే ఒకసారి గట్టిగా దెబ్బతీసింది. 1974 జూన్ 26న జర్మనీలోని హెర్‌స్టాట్ బ్యాంకును అధికారులు మూసేశారు. అప్పటికే ఆ బ్యాంకుకు జర్మన్ మార్కులు ముట్టాయి. బదులుగా న్యూయార్క్‌లో అది చెల్లించాల్సిన డాలర్లు ఇంకా చెల్లించలేదు, ఎందుకంటే అక్కడ అప్పుడింకా ఉదయమే. అవతలివారు నిండా మునిగారు. రెండు కరెన్సీలూ ఒకేసారి చేతులు మారేలా చూసే సీఎల్ఎస్ అనే వ్యవస్థ రావడానికి 2002 దాకా పట్టింది. అదీ పెద్ద బ్యాంకుల మధ్య వ్యవహారాలకే.

ఎక్కువ పోయేది రేటులో

విదేశీ బదిలీ ఖర్చు అనగానే అందరి కళ్లూ ఫీజు మీదే పడతాయి. అసలు కోత తరచుగా మారకం రేటులో ఉంటుంది. మార్కెట్‌లో కొనే ధరకు, అమ్మే ధరకు మధ్యలో ఉండేది మధ్య రేటు. సెర్చ్ చేస్తే ఫోన్‌లో కనిపించేది అదే. బ్యాంకు ఖాతాదారుకు ఇచ్చే రేటు దానికన్నా తక్కువ. ఉదాహరణకు మధ్య రేటు ప్రకారం 1000 యూనిట్లకు అవతలి కరెన్సీలో 5000 రావాలనుకుందాం. బ్యాంకు రేటు ప్రకారం 4850 వస్తే 3 శాతం పోయినట్టే. ఫీజు గడిలో మాత్రం సున్నా అని ఉండవచ్చు. ‘ఫీజు లేకుండా పంపండి’ అనే ప్రకటన చట్టానికి తప్పు కాకపోవచ్చు గానీ, ఖాతాదారుకు అది సగం సమాచారమే ఇస్తుంది. ఈ విషయంలో ఉపేక్ష పనికిరాదు. ఇక్కడ కొన్ని శాతాలు కోల్పోయేవారిలో ఇంటికి కష్టార్జితం పంపేవారే ఎక్కువ. ప్రపంచ బ్యాంకు గమనింపు ప్రకారం 200 డాలర్లు ఇంటికి పంపడానికి సగటు ఖర్చు 6 శాతానికి పైనే ఉంటోంది. 2030 నాటికి దీన్ని 3 శాతానికి తేవాలని ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పెట్టుకున్నారు. ఆ గడువు దగ్గరపడుతోంది.

పోల్చడానికి ఒకే ఒక్క ప్రశ్న చాలు: నా ఖాతాలోంచి ఇంత పోతే అవతలి ఖాతాలో కచ్చితంగా ఎంత పడుతుంది? ఫీజు, రేటు, మధ్య బ్యాంకుల కోత అన్నీ ఆ ఒక్క అంకెలోనే ఉంటాయి. ఆ అంకె చెప్పని చోట పంపేముందు ఆలోచించాలి. అమెరికాలో 2013 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, వ్యక్తులు విదేశాలకు పంపేటప్పుడు ఫీజులు, రేటు, చేరే మొత్తం ముందే చూపాలి. చెల్లించాక 30 నిమిషాల్లోపు రద్దు చేసుకునే హక్కూ ఉంది. ఇలాంటి నియమం ప్రతి దేశంలోనూ ఉండాల్సింది.

కరెన్సీ ఎంపికలో చాలామంది నష్టపోతారు. అందుకునేవారి ఖాతా వారి దేశపు కరెన్సీలో ఉంటే, డాలర్లలో పంపడం వల్ల మేలు జరగదు. ఆ డాలర్లను అవతలి బ్యాంకు తన రేటుకు మారుస్తుంది, ఆ రేటు పంపేవారికి ముందుగా తెలియదు. పంపేవారి ఖాతా కూడా డాలర్ ఖాతా కాకపోతే రెండుసార్లు మార్పు, రెండుసార్లు కోత. అవతలి ఖాతా ఏ కరెన్సీలో ఉందో అడిగి, వీలైతే అందులోనే పంపాలి. ఆ కరెన్సీలో పంపడానికి తన బ్యాంకు ఇస్తున్న రేటు మరీ అన్యాయంగా ఉంటే అప్పుడు లెక్క వేరు. శని, ఆదివారాల్లో మారకం మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి కొన్ని సంస్థలు ఆ రెండు రోజులూ రేటులో అదనపు మార్జిన్ కలుపుతాయి.

ఇక ఫీజు ఎవరు భరిస్తారన్నదానికి స్క్రీన్ మీద మూడు మాటలు కనిపిస్తాయి. అవర్ అంటే అన్ని ఫీజులూ పంపేవారివి. షా అంటే తన బ్యాంకు ఫీజు పంపేవారిది, మిగతావి అందుకునేవారివి. బెన్ అంటే మొత్తం అందుకునేవారి నెత్తిన. కాలేజీ ఫీజో, అద్దె అడ్వాన్సో, ఇన్వాయిస్ బాకీయో కట్టేటప్పుడు షా పెడితే మధ్య బ్యాంకు కొంత కోసుకుంటుంది. అవతల లెక్కలో ఆ కొంత బాకీగా మిగిలిపోతుంది. కచ్చితమైన మొత్తం చేరాల్సిన చోట అవర్ ఎంచుకోవాలి. అలా ఎంచుకున్నా కొన్ని దారుల్లో కోత పడుతుంది, కానీ అప్పుడు పంపిన బ్యాంకును నిలదీయడానికి ఆధారం ఉంటుంది.

ఆలస్యం ఎక్కడ జరుగుతోంది

సముద్రాలు దాటేటప్పుడు ఆలస్యం అవుతోందని అనిపిస్తుంది. లెక్కలు మరోలా చెబుతున్నాయి. బీఐఎస్‌లోని చెల్లింపుల కమిటీ స్విఫ్ట్ డేటాను పరిశీలించి 2022లో ఒక విశ్లేషణ ఇచ్చింది. కొన్ని దారుల్లో మధ్యస్థ సమయం, అంటే సగం బదిలీలు చేరిపోయే సమయం, ఐదు నిమిషాలకన్నా తక్కువ, కొన్నింటిలో రెండు రోజులకన్నా ఎక్కువ. ఆలస్యంలో ఎక్కువ భాగం చివరి మజిలీలో, అంటే డబ్బు అందుకునే బ్యాంకుకు చేరాక దాన్ని ఖాతాదారు ఖాతాలో వేసేలోపు జరుగుతోంది. విదేశీ మారకం మీద ప్రభుత్వ ఆంక్షలు, విడతల వారీ ప్రాసెసింగ్, పని వేళలు అందుకు కారణాలు. అంటే పంపిన బ్యాంకు మీద అరిచి లాభం లేని సందర్భాలే ఎక్కువ.

తనిఖీల సంగతి కొంత వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ఖాతాదారు చేయగలిగింది ఉంది. నల్లధనం చలామణిని అరికట్టేందుకు పారిస్ కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఏటీఎఫ్ ప్రమాణాల ప్రకారం పంపేవారి, అందుకునేవారి వివరాలు సందేశంతో పాటు దారి పొడుగునా వెళ్లాలి. ప్రతి మజిలీలో ఆ పేర్లను ఆంక్షల జాబితాలతో, అంటే లావాదేవీలు నిషేధించిన వారి జాబితాలతో, సరిపోల్చుతారు. జాబితాలో ఉన్న వ్యక్తికీ, ఏ పాపమూ ఎరగని వ్యక్తికీ పేరు ఒకటే కావడం మామూలు విషయం. యంత్రం బదిలీని ఆపేస్తుంది, ఒక ఉద్యోగి కూర్చుని ఇద్దరూ ఒకరు కారని తేల్చాలి. పూర్తి పేరు, పూర్తి చిరునామా ఇస్తే ఆ పని నిమిషాల్లో అవుతుంది. ఇంటిపేరుకు బదులు ఒక్క అక్షరం, చిరునామాకు బదులు ఊరి పేరు మాత్రమే రాస్తే వివరాలు అడుగుతూ కబుర్లు వెనక్కీ ముందుకీ తిరుగుతాయి, రోజులు గడుస్తాయి. డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే పర్పస్ గడిలో సరదా మాటలు రాయడం కూడా చేటు తెస్తుంది. ఆంక్షలున్న దేశం పేరో, ఊరి పేరో ఆ వాక్యంలో ఉన్నా యంత్రం పట్టేస్తుంది. ‘2వ సెమిస్టర్ ట్యూషన్ ఫీజు’, ‘ఇన్వాయిస్ నంబరు ఫలానా’ అన్నంత సూటిగా రాయాలి.

కట్-ఆఫ్ టైమ్ ఇంకో కారణం. ప్రతి బ్యాంకుకూ ప్రతి కరెన్సీకీ ఒక గడువు వేళ ఉంటుంది. అది దాటాక పంపింది మరుసటి పని దినానికి వెళ్తుంది. శుక్రవారం సాయంత్రం పంపినది సోమవారం కదులుతుంది, అవతల ఆ రోజు సెలవైతే మంగళవారం. గడువున్న చెల్లింపును వారం మొదట్లో, ఉదయం పూట పంపడం మంచిది.

ఉమ్మడి పుస్తకం లేకున్నా పుస్తకాలను ముడివేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. 2021 ఏప్రిల్‌లో సింగపూర్, థాయిలాండ్‌ల తక్షణ చెల్లింపు వ్యవస్థలు పేనౌ, ప్రాంప్ట్‌పే కలిశాయి. ఫోన్ నంబరుతో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి నిమిషాల్లో డబ్బు చేరడం మొదలైంది. 2023 ఫిబ్రవరిలో యూపీఐ, పేనౌ కలిశాయి. ఇలా ఇద్దరిద్దరు కలిసే బదులు ఒకే కేంద్రానికి అందరూ కలవాలన్నది బీఐఎస్ మొదలుపెట్టిన నెక్సస్ ప్రాజెక్టు ఉద్దేశం. విదేశీ రిటైల్ చెల్లింపుల్లో 75 శాతం గంటలోపు చేరాలని, 2027 చివరికల్లా దాన్ని సాధించాలని జీ20 దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. ఈలోగా కొన్ని ప్రైవేటు సంస్థలు వేరే దారి తొక్కాయి. రెండు దేశాల్లోనూ తమకు ఖాతాలు పెట్టుకుని, ఇక్కడ స్థానికంగా తీసుకుని అక్కడ స్థానికంగా ఇస్తాయి. ఒక్కో కస్టమర్ డబ్బు విడిగా సరిహద్దు దాటదు, సంస్థ తన నిల్వలను తర్వాత సర్దుకుంటుంది. చిన్న మొత్తాలకు ఇది చాలాసార్లు చౌక, త్వరిత మార్గం. పెద్ద మొత్తమైతే ఆ సంస్థకు లైసెన్సు ఎవరిచ్చారో, కస్టమర్ల సొమ్మును వేరుగా ఉంచుతుందో లేదో ముందు చూసుకోవాలి.

నంబరు సరైనదైనా మనిషి వేరు కావచ్చు

ఖాతాను గుర్తించే పద్ధతి దేశానికొకటి. అమెరికాలో తొమ్మిది అంకెల రూటింగ్ నంబరు, బ్రిటన్‌లో ఆరంకెల సార్ట్ కోడ్, భారతదేశంలో 11 అక్షరాల ఐఎఫ్ఎస్‌సీ, మెక్సికోలో 18 అంకెల క్లాబే. ఐరోపా, గల్ఫ్ దేశాలతో పాటు ఇంకా చాలాచోట్ల ఐబ్యాన్ వాడతారు. ముందు రెండు అక్షరాలు దేశానివి, తర్వాత రెండంకెలు తనిఖీవి, మిగతాది ఖాతా వివరం. నార్వేలో 15 అక్షరాలు, మాల్టాలో 31. తనిఖీ అంకెల వెనుక చక్కని లెక్క ఉంది. మొదటి నాలుగు స్థానాల్లో ఉన్నవాటిని చివరికి జరిపి, ఇంగ్లిష్ అక్షరాలను అంకెలుగా మార్చి, వచ్చిన పెద్ద సంఖ్యను 97తో భాగిస్తే శేషం 1 రావాలి. ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా శేషం మారుతుంది. పంపకముందే స్క్రీన్ మీద తప్పు అని వస్తుంది.

అయితే ఈ లెక్క చెప్పేది నంబరు పద్ధతిగా ఉందని మాత్రమే. ఆ ఖాతా ఎవరిదో చెప్పదు. దశాబ్దాల పాటు చాలా దేశాల్లో బ్యాంకులు నంబరు చూసే డబ్బు వేశాయి, పేరు గడిలో ఏం రాసినా పట్టించుకోలేదు. చెల్లింపులు నెమ్మదిగా ఉన్న రోజుల్లో ఈ లోపం అంతగా బయటపడలేదు. పది సెకన్లలో డబ్బు చేరి, మరో పది సెకన్లలో ఇంకో ఖాతాకు వెళ్లిపోయే రోజుల్లో అదే దొంగలకు రాచబాట అయింది. ఈమెయిల్‌లోకి చొరబడి అసలైన ఇన్వాయిస్‌లో ఖాతా నంబరు మాత్రం మార్చి పంపడం ఇప్పుడు మోసగాళ్లు ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఒకటి. పేరు అదే, లోగో అదే, మొత్తం అదే. కట్టేవారు తమ చేత్తో తామే ఓటీపీ కొట్టి పంపేస్తారు.

దీనికి విరుగుడు పేరు సరిచూడటం. నెదర్లాండ్స్‌లో 2017లో, బ్రిటన్‌లో 2020లో మొదలైంది. ఖాతా నంబరు, పేరు ఇవ్వగానే రెండూ సరిపోయాయో లేదో స్క్రీన్ చెబుతుంది. ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ బదిలీల్లో అందుకునేవారి పేరు కనిపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1లోపు ఇవ్వాలని భారతీయ రిజర్వు బ్యాంకు ఆదేశించింది. యూరో దేశాల్లో తక్షణ బదిలీ తప్పనిసరి అయిన 2025 అక్టోబరు 9నే పేరు తనిఖీ కూడా తప్పనిసరి అయింది. ఆ రెండూ ఒకే రోజు రావడం సరైన పని. వేగం ముందు ఇచ్చి భద్రత తర్వాత ఇద్దామనుకున్న ప్రతిచోటా ఆ మధ్యకాలపు ఖర్చు మామూలు ఖాతాదారుల మీద పడింది. బ్రిటన్ ఇంకో అడుగు ముందుకేసింది. మోసపోయి దేశం లోపల డబ్బు పంపినవారికి 85,000 పౌండ్ల వరకు తిరిగివ్వాలని, ఆ భారాన్ని పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం భరించాలని 2024 అక్టోబరు 7 నుంచి నిబంధన పెట్టింది. దొంగ ఖాతా తెరిచిన బ్యాంకు జేబుకూ చిల్లు పడుతుందంటేనే ఖాతాలు తెరిచేటప్పుడు జాగ్రత్త పెరుగుతుంది. దేశం దాటి వెళ్లే చెల్లింపులకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. పేరు తనిఖీ కూడా సరిహద్దు దగ్గర చాలావరకు ఆగిపోతుంది.

అందువల్ల విదేశీ ఖాతాకు మొదటిసారి పెద్ద మొత్తం పంపే ముందు చిన్న మొత్తం పంపి, చేరిందని అవతలివారి నోట విన్నాకే మిగతాది పంపాలి. ఇంకో ఫీజు పడినా ఫరవాలేదు. ఖాతా వివరాలు మారాయని మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా ముందునుంచీ తెలిసిన నంబరుకు ఫోన్ చేసి అడగాలి. నంబరును కాపీ చేసి అతికించాక మళ్లీ ఒకసారి కళ్లతో సరిచూడాలి, ఎందుకంటే అతికించే లోపే నంబరును మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. తొందరపెట్టేవారు ఎవరైనా సరే, వారి తొందరనే అనుమానించాలి.

పొరపాటున వేరే ఖాతాకు వెళ్తే బ్యాంకు వెనక్కి లాగేస్తుందనే నమ్మకం బలంగా ఉంది. పంపిన డబ్బును వెనక్కి అడిగే రీకాల్ ఒక అభ్యర్థన మాత్రమే. ఖాతాలో పడకముందు చేరితే ఆపవచ్చు. పడ్డాక మాత్రం సాధారణంగా ఆ ఖాతాదారు ఒప్పుకోవాలి, లేదా కోర్టు చెప్పాలి. 2020 ఆగస్టులో సిటీబ్యాంక్, రెవ్లాన్ కంపెనీ అప్పుకు సంబంధించి 78 లక్షల డాలర్ల వడ్డీ చెల్లించబోయి దాదాపు 90 కోట్ల డాలర్లు పంపేసింది. అప్పు ఇచ్చినవారిలో కొందరు తిరిగిచ్చారు, సుమారు 50 కోట్ల డాలర్లు మాత్రం ఇవ్వబోమన్నారు. 2021 ఫిబ్రవరిలో కింది కోర్టు వారి పక్షానే తీర్పిచ్చింది. 2022 సెప్టెంబరులో పై కోర్టు దాన్ని కొట్టేసేదాకా బ్యాంకుకు దారి దొరకలేదు. ప్రపంచంలోని అతి పెద్ద బ్యాంకుల్లో ఒకదానికే రెండేళ్లు పట్టింది.

చేరలేదని ఫోన్ వచ్చినప్పుడు

ముందుగా స్విఫ్ట్ కాపీ, అంటే బ్యాంకు పంపిన సందేశపు నకలు, అడిగి తీసుకోవాలి. ఆన్‌లైన్ ఖాతాలో డౌన్‌లోడ్ కాకపోతే కస్టమర్ కేర్ పంపుతుంది. అందులో యూఈటీఆర్ అనే 36 అక్షరాల గుర్తింపు ఉంటుంది. 2018 నవంబరు నుంచి స్విఫ్ట్‌లో వెళ్లే చెల్లింపులన్నిటికీ అది తప్పనిసరి. ‘డబ్బు ఎక్కడుంది’ అని అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అనే జవాబే వస్తుంది. యూఈటీఆర్ చెప్పి ‘ప్రస్తుతం ఏ బ్యాంకు దగ్గర, ఏ స్టేటస్‌లో ఉంది’ అని అడిగితే పేరుతో సహా చెప్పగలరు. 

మధ్య బ్యాంకు దగ్గర ఆగిందంటే ఏదో వివరం అడుగుతున్నారని అర్థం. ఆ ప్రశ్న పంపిన బ్యాంకుకు వచ్చి ఎవరూ చూడని మెయిల్‌బాక్సులో పడి ఉండవచ్చు. దాన్ని వెతికించి ఆ రోజే జవాబు పంపించాలి. అందుకునే బ్యాంకుకు చేరి అక్కడ ఆగితే, పంపినవారు ఎన్ని ఫోన్లు చేసినా కదలదు. ఆ బ్యాంకు మాట్లాడేది తన ఖాతాదారుతోనే. యూఈటీఆర్‌ను వారికి పంపి, వారినే వెళ్లి అడగమనాలి. తరచుగా అక్కడ ఒక డిక్లరేషన్ ఫారమో, పర్పస్ రుజువో ఇవ్వాల్సి ఉంటుంది.

తిరస్కరించి వెనక్కి పంపారంటే, వచ్చే డబ్బు వెళ్లినంత ఉండదు. దారిలోని బ్యాంకులు తిరుగు ప్రయాణానికీ కోసుకుంటాయి. కరెన్సీ మారి ఉంటే ఆ రోజు రేటుకు మళ్లీ మారుస్తారు. ఆ తేడాను బ్యాంకు భరించాలా లేదా అన్నది తప్పు ఎవరిదన్నదాని మీద ఆధారపడుతుంది. కాబట్టి తిరస్కరణకు కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి. అది చేతికి రాకుండా అదే వివరాలతో రెండోసారి పంపకూడదు.